చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొనే ముందు: ఏది కలిసొస్తుంది, ఏది ఇబ్బంది పెడుతుంది

మీరు అడిగినవి మూడు. ఫోన్ ఉండగా లెన్సులు మార్చుకునే చిన్న కెమెరా కొంటే నిజంగా తేడా కనిపిస్తుందా? దాంతో వచ్చే కిట్ లెన్స్ సరిపోతుందా? చిన్న బాడీ అయినందుకు ఏం నష్టపోతాం? మీ అవసరాలు కూడా చెప్పారు: ఇంట్లో పిల్లల ఫోటోలు, ప్రయాణాలు, అప్పుడప్పుడు వీడియో.

తేడా కనిపిస్తుంది. అయితే అందులో ఎక్కువ వాటా లెన్స్‌దే. ముందు బాడీ ఎంత ముద్దుగా, చిన్నగా ఉందో చూసి కొనేసి, లెన్సుల సంగతి తర్వాత చూద్దాంలే అనుకునేవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. ఆరు నెలలకి కెమెరా బీరువాలోకి వెళ్తుంది, ఫోన్ మళ్లీ చేతిలోకి వస్తుంది.

అసలు ఈ కెమెరాలు ఎందుకు చిన్నవయ్యాయో తెలిస్తే ఎక్కడ చిన్నవి కాలేదో కూడా తెలుస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో (లోపల అద్దం ఉండే పాత రకం పెద్ద కెమెరా) ఆ అద్దం పైకి లేవడానికి చోటు కావాలి. అందుకే నికాన్ ఎఫ్ మౌంట్‌లో (మౌంట్ అంటే బాడీకి లెన్స్ బిగించే చోటు) మౌంట్ అంచు నుంచి సెన్సర్ దాకా 46.5 మి.మీ., కెనాన్ ఈఎఫ్‌లో 44 మి.మీ. దూరం ఉంటుంది. 2008లో పానాసోనిక్, ఒలింపస్ కలిసి మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సర్ వ్యవస్థ తెచ్చినప్పుడు అద్దం తీసేసి ఆ దూరాన్ని దాదాపు 20 మి.మీ.కి దించాయి. సోనీ ‘ఈ’ (E) మౌంట్‌లో అది 18 మి.మీ., ఫుజీఫిల్మ్ ఎక్స్ మౌంట్‌లో 17.7 మి.మీ. అలా బాడీ మందం బాగా తగ్గింది. లెన్స్ సైజు మాత్రం ఈ దూరంతో పెద్దగా తగ్గదు. సెన్సర్ ఎంత పెద్దది, అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎంత వెడల్పు, ఫోకల్ లెంగ్త్ (ఎంత దగ్గరగా లాగి చూపిస్తుందో చెప్పే మి.మీ. అంకె) ఎంత అన్నవే దాన్ని తేలుస్తాయి.

లెక్క వేసి చూడండి. సోనీ ఏ6000 బ్యాటరీ, కార్డుతో కలిపి 344 గ్రాములు. దాని 16-50 కిట్ లెన్స్ 116 గ్రాములు. మొత్తం 460, హాయిగా ఉంటుంది. అదే బాడీకి సోనీ 16-55 ఎఫ్/2.8 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అపర్చర్ వెడల్పు) తగిలిస్తే లెన్సే 494 గ్రాములు, మొత్తం 838. అప్పుడది చిన్న కెమెరా కాదు, పెద్ద లెన్స్‌కి వెనక అతికించిన పెట్టె. పట్టు చిన్నది కాబట్టి బరువంతా ముందుకి వాలి, గంట తిరిగేసరికి మణికట్టు లాగుతుంది. కాబట్టి బాడీ బరువు విడిగా చూడకండి. మీరు రోజూ వాడబోయే లెన్స్‌తో కలిపి ఎంతవుతుందో చూడండి. 500 గ్రాముల లోపు ఉంటే వెంట తీసుకెళ్తారు. 800 దాటితే ‘ఇవాళ వద్దులే’ అనిపించే రోజులు ఎక్కువవుతాయి.

ఇక సెన్సర్. మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ 17.3 × 13 మి.మీ. సోనీ, ఫుజీ, నికాన్‌ల ఏపీఎస్-సీ అనే సైజు సుమారు 23.5 × 15.6, కెనాన్‌ది కాస్త చిన్నది, 22.3 × 14.9. పాత 35 మి.మీ. ఫిల్మ్ సైజు ఉన్న ఫుల్ ఫ్రేమ్ 36 × 24. వైశాల్యంలో ఫుల్ ఫ్రేమ్, మైక్రో ఫోర్ థర్డ్స్‌కి దాదాపు నాలుగు రెట్లు, అంటే రెండు స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు). ఏపీఎస్-సీకి, ఫుల్ ఫ్రేమ్‌కి మధ్య ఒక స్టాపు కంటే కొంచెం ఎక్కువ. ఏపీఎస్-సీకి, మైక్రో ఫోర్ థర్డ్స్‌కి మధ్య స్టాపు కంటే తక్కువే. చర్చల్లో మాత్రం ఈ ముప్పావు స్టాపు కోసమే రక్తాలు కారతాయి! ఒక స్టాపు వెడల్పైన లెన్స్ పెడితే ఆ తేడా అక్కడితో సరి.

ఫోన్‌తో పోలిక వేరే రకం. మంచి ఫోన్ల ప్రధాన కెమెరా సెన్సర్ సుమారు 10 × 7 మి.మీ. ఉంటుంది, పైగా ఒక్క నొక్కుకి చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది. పగటి వెలుతురులో, కదలని దృశ్యానికి, ఫోన్ తెర మీద చూసుకోవడానికి అయితే చిన్న మిర్రర్‌లెస్ + కిట్ లెన్స్ ఫోన్ కంటే గొప్పగా ఏమీ కనిపించదు. ఒక్కోసారి ఫోన్ ఫోటోయే బాగుంటుంది, ఎందుకంటే ఆకాశాన్నీ నీడల్నీ అది తనే సర్దేస్తుంది. కెమెరా గెలిచేది ఇంకోచోట. గదిలో పరిగెత్తే పిల్లవాడు, వేదిక మీద నాట్యం, దూరంగా ఉన్న పక్షి, పైకప్పుకి కొట్టి వెనక్కి రప్పించే ఫ్లాష్, జుట్టు అంచు దగ్గర కత్తిరించినట్టు కాకుండా సహజంగా కరిగిపోయే బ్లర్: వీటిలో ఫ్రేములు కలిపే కిటుకు పనిచేయదు, లేదా పనిచేసినట్టు నటిస్తుంది. మీ అవసరాల్లో ఇవి లేకపోతే నిజాయితీగా చెప్తున్నా, కొనకండి.

మీ లిస్టులో ‘ఇంట్లో పిల్లలు’ ఉంది కాబట్టి కిట్ లెన్స్ సంగతి కాస్త వివరంగా. 16-50 ఎఫ్/3.5-5.6 లాంటి లెన్స్ 50 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. రాత్రి ట్యూబ్‌లైటు వెలుతురులో పిల్లల కదలిక ఆగాలంటే షట్టర్ కనీసం సెకనులో 1/250 కావాలి, కూర్చుని బొమ్మలేసుకుంటుంటే 1/125 చాలు. ఎఫ్/5.6 దగ్గర ఆ వేగం రావాలంటే ఐఎస్‌ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400, ఒక్కోసారి 12800 దాకా పోతుంది. చర్మం మీద మచ్చమచ్చలుగా నాయిస్ వస్తుంది, దాన్ని కెమెరాలో ఫోటోని సిద్ధం చేసే జేపెగ్ ఇంజిన్ నునుపు చేసేసరికి మొహం మైనపు బొమ్మలా అవుతుంది. అదే చోట ఎఫ్/1.8 లెన్స్ పెడితే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. 6400 ఉన్నచోట 640 సరిపోతుంది. అదే బాడీ, అదే గది, అదే పిల్లవాడు. కొత్త మోడల్ బాడీ కొంటే ఇంత తేడా ఎన్నటికీ రాదు.

‘బాడీలో స్టెబిలైజేషన్ ఉందిగా, నెమ్మది షట్టర్‌తో తీయొచ్చుగా’ అని అడుగుతారు. అది మీ చేతి వణుకుని ఆపుతుంది, పిల్లవాడిని ఆపదు. 1/15లో సోఫా పదునుగా వస్తుంది, పిల్లవాడు పొగలా వస్తాడు.

ఎఫ్/1.8కీ ఒక మెలిక ఉంది. ఏపీఎస్-సీ మీద 50 మి.మీ. లెన్స్‌తో రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 పెడితే పదునుగా ఉండే లోతు మొత్తం 11-12 సెం.మీ. మాత్రమే. ఇద్దరు పిల్లలు ముందూ వెనకా కూర్చుంటే ఒకరే ఫోకస్‌లో ఉంటారు. ఇద్దరున్నప్పుడు ఎఫ్/2.8 లేదా 4కి దిగండి, లేదా ఇద్దరి మొహాలూ మీకు సమాన దూరంలో ఉండేలా పక్కకి జరగండి. ఈ విషయంలో మైక్రో ఫోర్ థర్డ్స్ లోపం అనుకునేదే మేలు చేస్తుంది. అక్కడ 25 మి.మీ. ఎఫ్/1.8 లోతు, ఫుల్ ఫ్రేమ్‌లో 50 మి.మీ. ఎఫ్/3.6 లోతుతో సమానం. ఎక్స్‌పోజర్ మాత్రం ఎఫ్/1.8దే. కుటుంబ ఫోటోలకి అది హాయి.

మోటారుతో జూమ్ అయ్యే ముడుచుకునే కిట్ లెన్సులకి ఇంకో బలహీనత ఉంది. ఆన్ చేయగానే లెన్స్ బయటికి రావాలి, దానికి సెకను పైగా పడుతుంది. ఆ లోపు పిల్లవాడి నవ్వు అయిపోతుంది. సంచిలో పొరపాటున స్విచ్ పడితే లెన్స్ గుడ్డకి అడ్డం కొట్టుకుని గేర్ల మీద బరువు పడుతుంది. ఇసుక దూరితే మధ్యలో ఇరుక్కుంటుంది. పైగా వెడల్పు చివర ఈ లెన్సులు గీతల్ని బాగా వంచేస్తాయి, కెమెరా దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి సరిచేస్తుంది, అందుకే మూలలు మెత్తగా ఉంటాయి. రా ఫైలుని (కెమెరా సర్దని ముడి ఫైలు) లెన్స్ ప్రొఫైల్ లేని సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అసలు వంకర బయటపడుతుంది. లెన్స్ పాడైందేమోనని కంగారు పడకండి, అది అలాగే చేసింది. ఇన్ని చెప్పినా పగలు ఆరుబయట ఎఫ్/8 దగ్గర ఈ లెన్స్ చేసే పని బాగానే ఉంటుంది. ప్రయాణాల్లో దాన్ని పారేయక్కర్లేదు.

చిన్నదనం కోసం ఎంతెంత వదులుకోవాల్సి వస్తుందో చూడాలంటే పానాసోనిక్ 2013లో తెచ్చిన జీఎమ్1 కంటే మంచి ఉదాహరణ లేదు. బ్యాటరీ, కార్డుతో కలిపి 204 గ్రాములు, దాని 12-32 లెన్స్ 70 గ్రాములు. రెండూ కలిపి 274, చాలా ఫోన్ల కంటే కాస్తే ఎక్కువ. సెన్సర్ మాత్రం పూర్తి మైక్రో ఫోర్ థర్డ్స్. ఆ బాడీలో పట్టించడానికి షట్టర్‌ని చిన్నది చేశారు. మెకానికల్ షట్టర్ గరిష్ఠ వేగం 1/500, ఫ్లాష్ సింక్ (ఫ్లాష్‌తో వాడగల అత్యధిక షట్టర్ వేగం) 1/50. అంతకు మించిన వేగం కావాలంటే ఎలక్ట్రానిక్ షట్టరే దిక్కు. వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే కిటికీ) లేదు, హాట్‌షూ (పైన బయటి ఫ్లాష్ తగిలించే చోటు) లేదు, బాడీలో స్టెబిలైజేషన్ లేదు. మరుసటి ఏడాది వచ్చిన జీఎమ్5లో వ్యూఫైండర్, హాట్‌షూ చేర్చి, దానికి బదులు పాప్-అప్ ఫ్లాష్ తీసేశారు. బాడీ ఎంత కుదిస్తే స్పెసిఫికేషన్ పేజీలో అంత కిందకి చదవాలి. ముఖ్యంగా షట్టర్ రకం, ఫ్లాష్ సింక్ వేగం, వ్యూఫైండర్, మైక్ జాక్, ఈ నాలుగూ ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో ఉండవు.

షట్టర్ దగ్గర ఇంకాసేపు ఆగుదాం, ఎందుకంటే ‘ఫోటో ఎందుకు పదునుగా రాలేదు’ అనే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇక్కడే ఉంది.

తేలికైన బాడీలో మెకానికల్ షట్టర్ మూసుకుని తెరుచుకునే దెబ్బకి కెమెరా సన్నగా అదురుతుంది. సుమారు 1/60 నుంచి 1/200 మధ్య వేగాల్లో ఇది ఎక్కువ కనిపిస్తుంది. వస్తువు అంచులు నిలువుగా రెండు గీతలైనట్టు ఉంటాయి. 1/30లో బాగుండి 1/125లో మసకగా ఉంటే ఇదే కారణం అనుకోవచ్చు. తొలితరం మైక్రో ఫోర్ థర్డ్స్ బాడీల్లో ఇది బాగా కనిపించేది. మందు సులువు: మెనూలో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (షట్టర్ మొదటి తెరకి బదులు సెన్సరే ఎక్స్‌పోజర్ మొదలుపెట్టడం) ఆన్ చేయండి. ఒలింపస్‌లో అది యాంటీ-షాక్ 0 సెకన్లు అనే పేరుతో ఉంటుంది. ఎక్స్‌పోజర్ మొదలయ్యేటప్పుడు కదిలే భాగమేదీ ఉండదు కాబట్టి అదురు పోతుంది. దీనికీ ఒక మినహాయింపు ఉంది. పగటి ఎండలో ఎఫ్/1.8 పెట్టి 1/2000 కంటే వేగంగా తీస్తే, ఫస్ట్ కర్టెన్ ఎలక్ట్రానిక్ అయినప్పుడు వెనక బ్లర్ గుండ్రాలు ఒకవైపు కోసేసినట్టు వస్తాయి. అప్పుడు పూర్తి మెకానికల్‌కి మార్చండి.

పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్ చప్పుడు చేయదు, నిద్రపోతున్న పిల్లలకి బాగుంటుంది. కానీ మామూలు సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా చదవడానికి సమయం తీసుకుంటుంది, నెమ్మది సెన్సర్లలో సెకనులో ఇరవయ్యో వంతు దాకా. ఆ లోపు కదిలే వస్తువు వంగిపోతుంది: బ్యాటు అరటిపండులా, బస్సు పక్కకి వాలినట్టు. రెండో చిక్కు లైట్లతో. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ఫోటోలో అడ్డంగా చీకటి పట్టీలు పడతాయి. 1/100 లేదా 1/50 పెడితే పట్టీలు పోతాయి. 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/125 లేదా 1/60. కొన్ని ఎల్‌ఈడీ స్క్రీన్లు, వేదిక లైట్లు ఇంకా వేగంగా మినుకుతాయి, వాటికి ఈ లెక్క పనిచేయదు. అక్కడ మెకానికల్‌కి వెళ్లడమే. వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్లలో ఈ బాధ చాలా తక్కువ, కానీ అవి ఈ చిన్న బాడీల్లో అరుదు.

బ్యాటరీ. చిన్న బాడీ అంటే చిన్న బ్యాటరీ. పైగా సెన్సర్, తెర రెండూ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. ఏ6000కి కెమెరా తయారీదారుల సంఘం సీఐపీఏ ప్రామాణిక పరీక్షలో సుమారు 360 ఫోటోలు, జీఎమ్1కి సుమారు 230. ఆ పరీక్షలో మాటిమాటికీ ఆన్ ఆఫ్ చేస్తారు, ఫ్లాష్ ఉంటే అదీ వాడతారు. కాబట్టి వరస షాట్లు తీసేవాళ్లకి అంతకంటే ఎక్కువే వస్తాయి, ఒక్కో ఫోటోకి అయిదు నిమిషాలు ఫ్రేము చూసుకునేవాళ్లకి తక్కువ వస్తాయి. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేయండి, ఒక నిమిషానికి నిద్రపోయేలా పెట్టండి. కెమెరాని మెడలో వేలాడదీసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. వ్యూఫైండర్ పక్కనున్న కంటి సెన్సర్‌కి చొక్కా తగిలి అది వెలుగుతూనే ఉంటుంది, కెమెరా నిద్రపోదు. ఒక అదనపు బ్యాటరీ తప్పనిసరి, ప్రయాణాలకి రెండు. పేరులేని కంపెనీ బ్యాటరీ వాడితే నెలకోసారి బల్ల మీద పెట్టి చూడండి. పక్కలు సమతలంగా లేకుండా ఊగుతుంటే ఉబ్బిందని అర్థం. అలాంటిదాన్ని లోపల పెడితే ఇరుక్కుని బయటికి రాదు.

దుమ్ము ఈ రకం కెమెరాలకి పుట్టుకతో వచ్చిన సమస్య. ముందు అద్దం లేదు, చాలా బాడీల్లో ఆఫ్ చేసినా షట్టర్ తెరిచే ఉంటుంది. లెన్స్ తీస్తే సెన్సర్ గాలికి ఎదురుగా ఉంటుంది. మార్చేటప్పుడు కెమెరా ఆఫ్ చేసి, మౌంట్ నేలవైపు తిప్పి, కొత్త లెన్స్ వెనక మూత ముందే వదులు చేసుకుని, అయిదారు సెకన్లలో పని ముగించండి. దుమ్ము పడిందో లేదో చూడాలంటే ఐఎస్‌ఓ 100, ఎఫ్/16 పెట్టి, మాన్యువల్ ఫోకస్‌లో కావాలని ఫోకస్ తప్పించి, తెల్ల గోడనో ఆకాశాన్నో తీయండి. బూడిద రంగు గుండ్రటి మచ్చలు కనిపిస్తే అవే. ఫోటోలో మచ్చ ఎడమ పై మూలలో ఉంటే, మౌంట్ వైపు నుంచి చూసినప్పుడు దుమ్ము సెన్సర్ ఎడమ కింది మూలలో ఉంటుంది. బొమ్మ తలకిందులుగా పడుతుంది కదా, అందుకని.

ముందు రబ్బరు బ్లోయర్‌తో, మౌంట్ కిందికి ఉంచి ఊదండి. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపర పడితే మచ్చ కాస్తా మరకవుతుంది. డబ్బాలో వచ్చే గ్యాస్ అసలొద్దు, ద్రవం చిమ్మి గడ్డకట్టినట్టు అంటుకుంటుంది. బ్లోయర్‌కి పోని జిడ్డు మచ్చకే తడి స్వాబ్. అది మీ సెన్సర్ వెడల్పుకి తగినదై ఉండాలి. రెండు చుక్కల ద్రవం, ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒకే గీత, తిప్పి వెనక్కి ఇంకో గీత, అంతే, పారేయండి. అదే స్వాబ్‌తో మళ్లీ రుద్దితే అంచున పోగైన రేణువే గీత పెడుతుంది. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే సెన్సర్ కుదురుగా ఉండదు, గట్టిగా ఒత్తొద్దు.

వ్యూఫైండర్ ఉండాలా వద్దా అంటే, ఆరుబయట తీసే ఆలోచన ఉంటే ఉండాలి. ఎండలో వెనక తెర మీద మీ మొహమే కనిపిస్తుంది. పైగా కెమెరాని కంటికి ఆనించినప్పుడు మూడో ఆధారం దొరికి చేతి వణుకు తగ్గుతుంది, జూమ్ లెన్స్‌తో ఆ తేడా బాగా తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ అసలు లాభం మాత్రం వేరు. తీయబోయే ఫోటో ఎంత వెలుగుగా వస్తుందో నొక్కకముందే కనిపిస్తుంది. జీబ్రా ఆన్ చేస్తే తెల్లచొక్కా ఎక్కడ పేలిపోతోందో చారలు చూపిస్తాయి. ఫ్లాష్ వాడేటప్పుడు మాత్రం ఈ ముందస్తు వెలుగు చూపించే సెట్టింగ్ ఆఫ్ చేయండి, లేకపోతే అంతా చీకటిగా కనిపిస్తుంది. వ్యూఫైండర్ కంటిభాగాన్ని ఎండకి ఎదురుగా వదిలేయకండి. దాని అద్దం గుండా సూర్యుడు లోపలి చిన్న తెర మీద కేంద్రీకరించి చెరగని మచ్చ పెడతాడు.

ఫోకస్ విషయంలో కొత్త బాడీల కంటిని గుర్తించే ఫోకస్‌కి వంక పెట్టలేం. పాతవి కొంటే సెన్సర్ మీద ఫేజ్ డిటెక్షన్ (లెన్స్ ఎటు ఎంత జరగాలో నేరుగా కొలిచే ఫోకస్) ఉందో లేదో చూడండి. కాంట్రాస్ట్ (అంచుల పదును) మీద మాత్రమే ఆధారపడేవి కదలని వాటికి చాలా కచ్చితం, మీవైపు పరిగెత్తుకొచ్చే పిల్లవాడి దగ్గర ముందుకీ వెనక్కీ వెతుక్కుంటాయి. లెన్స్ మోటారు కూడా లెక్కలోకి వస్తుంది. పానాసోనిక్ 20 మి.మీ. ఎఫ్/1.7 రెండో వెర్షన్ 87 గ్రాములే, పదును బాగుంటుంది, వీధి ఫోటోలకి అందరూ మెచ్చేది. కానీ ఫోకస్‌కి లోపలి గాజు మొత్తం కదలాలి, అందుకే నెమ్మది. పిల్లల కోసం అయితే అది వద్దు. 116 గ్రాముల ఒలింపస్ 45 ఎఫ్/1.8 చురుగ్గా ఉంటుంది. సోనీ ఏపీఎస్-సీలో 35 ఎఫ్/1.8 154 గ్రాములు, లెన్స్‌లోనే స్టెబిలైజేషన్ ఉంది. సిగ్మా 30 ఎఫ్/1.4 అంతకంటే వెడల్పు, కానీ 265 గ్రాములు, స్టెబిలైజేషన్ లేదు. ఇంటి గదుల్లో ఏపీఎస్-సీ మీద 50 మి.మీ. కాస్త ఇరుకు, వెనక్కి జరగడానికి గోడ అడ్డం వస్తుంది. 30-35 సరైనది.

వీడియోకి మూడు జాగ్రత్తలు. చిన్న బాడీలో ఫ్యాన్ ఉండదు, 4కే తీస్తే వేడి బయటికి పోయే దారి లేక కొంతసేపటికి ఆగిపోతుంది. తెరని బాడీ నుంచి బయటికి లాగి ఉంచితే కొంత ఊపిరి ఆడుతుంది. పాత మోడళ్లలో ఒక్కో క్లిప్పు 29 నిమిషాల 59 సెకన్లకి ఆగుతుంది, అది పాడవడం కాదు, అలా పరిమితి పెట్టారు. ఇక కదలిక సహజంగా ఉండాలంటే 25 ఫ్రేములకి 1/50 షట్టర్ కావాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్/2.8, ఐఎస్‌ఓ 100 దగ్గర షట్టర్ 1/3200 అడుగుతుంది. దాన్ని 1/50కి దించాలంటే ఆరు స్టాపుల వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్, అంటే ఎన్‌డీ64.

పాత మాన్యువల్ లెన్సులు అడాప్టర్‌తో తగిలించుకోవడం ఈ కెమెరాల సరదాల్లో ఒకటి. మౌంట్ దూరం తక్కువ కాబట్టి మధ్యలో ఖాళీ గొట్టం పెడితే చాలు. మెనూలో ‘లెన్స్ లేకుండా షట్టర్ రిలీజ్’ ఆన్ చేయకపోతే కెమెరా నొక్కనివ్వదు, చాలామంది ఇక్కడే ఆగిపోయి అడాప్టర్ పాడైందనుకుంటారు. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్ చేత్తో నమోదు చేయండి. ఫోకస్‌లో ఉన్న అంచులకి కెమెరా వేసే పీకింగ్ రంగుని పూర్తిగా నమ్మకండి, ఎఫ్/1.8 దగ్గర అది కంటికీ ముక్కుకీ తేడా చెప్పలేదు. పెద్దది చేసి చూసి ఫోకస్ చేయండి. పాత 50 మి.మీ. ఏపీఎస్-సీ మీద 75లా, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 100లా చూస్తుందని గుర్తుంచుకోండి.

మౌంట్ ఎంపికలో భావోద్వేగం వద్దు. నికాన్ 1 వ్యవస్థ 2011లో వచ్చి 2018లో ఆగిపోయింది. కెనాన్ ఈఎఫ్-ఎమ్ 2012లో వచ్చి 2023తో ముగిసింది. శామ్‌సంగ్ ఎన్‌ఎక్స్, పెంటాక్స్ క్యూ కూడా అదే దారి. ఇవన్నీ చిన్నవే, కొన్ని చాలా మంచివి. వాటి ఫోటోలు ఇప్పటికీ అంతే బాగుంటాయి, కానీ కొత్త లెన్సులు రావు, మోటారు పోతే విడిభాగాలు దొరకవు. ఆగిపోయిన మౌంట్‌లో బాడీ చవగ్గా దొరికితే, మీకు కావాల్సిన రెండు లెన్సులూ ఇప్పుడే చేతికి వస్తేనే తీసుకోండి.

వాడినది కొంటుంటే అక్కడికక్కడే చేయాల్సిన పరీక్షలు ఇవి. మూత పెట్టి ఐఎస్‌ఓ 800, ఒక సెకను తీసి పెద్దది చేసి చూడండి. మెరిసే చుక్కలు ఒకటీ రెండూ ఉంటే ఫర్వాలేదు, గుంపులుగా ఉంటే ఆలోచించండి. పైన చెప్పిన ఎఫ్/16 దుమ్ము పరీక్ష చేయండి. బ్లోయర్‌కి పోని మచ్చ కంటే గీత ప్రమాదం. ఇటుక గోడకి ఎదురుగా నిలబడి, లెన్స్ పూర్తిగా తెరిచి తీసి నాలుగు మూలలూ పోల్చండి. నాలుగూ ఒకేలా మెత్తగా ఉంటే లెన్స్ స్వభావం, ఒక్క మూలే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకి జరిగింది, ఎక్కడో కింద పడి ఉంటుంది. వంగే తెరని పూర్తిగా పైకి, కిందికి ఆడించి చూడండి. ఒక కోణంలో నల్లబడితే లోపలి రిబ్బన్ కేబుల్ తెగబోతోంది. లెన్స్ తగిలించి మెల్లగా ఆడించినప్పుడు కొద్దిగా తిరగడం మామూలే, ముందుకీ వెనక్కీ ఊగితే మౌంట్ వదులైనట్టు.

ఇప్పుడు మీ సంగతి. ముందు మీ ఫోన్‌లో ఈ ఏడాది తీసిన పిల్లల ఫోటోల వివరాలు తెరిచి, మసకగా వచ్చినవాటి షట్టర్ వేగం చూడండి. ఎక్కువ 1/30, 1/50 ఉంటే మీకు కావాల్సింది వెడల్పు అపర్చర్ ఉన్న లెన్స్ అని తేలినట్టే. అప్పుడు ఫేజ్ డిటెక్షన్, వ్యూఫైండర్ ఉన్న ఒకటి రెండు తరాల పాత ఏపీఎస్-సీ బాడీ తీసుకుని, మిగిలిన డబ్బు 30-35 మి.మీ. ఎఫ్/1.8 లేదా 1.4 మీద పెట్టండి. కిట్ లెన్స్ ప్రయాణాలకి ఉంచుకోండి. దూరపు జూమ్ ఇప్పుడే వద్దు. మీకు బరువే ప్రధానం అయితే మైక్రో ఫోర్ థర్డ్స్ వైపు వెళ్లండి, అక్కడ 40-150 జూమ్ కూడా 190 గ్రాములే. సోనీ 55-210 అయితే 345 గ్రాములు.

కెమెరా రాగానే అపర్చర్ ప్రయారిటీ (అపర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరా చూసుకునే మోడ్), ఎఫ్/2. ఆటో ఐఎస్‌ఓ, గరిష్ఠం 6400, కనిష్ఠ షట్టర్ 1/250. కంటిన్యువస్ ఫోకస్, కంటి గుర్తింపు ఆన్. రా + జేపెగ్. కొన్ని పాత బాడీల్లో ఆటో ఐఎస్‌ఓకి కనిష్ఠ షట్టర్ పెట్టే వీలుండదు, ఏ6000 అలాంటిదే. అక్కడ మాన్యువల్ మోడ్‌లో 1/250, ఎఫ్/2 పెట్టి ఐఎస్‌ఓ మాత్రం ఆటోలో వదలండి, అదే పని అవుతుంది. మీరు చూస్తున్న మోడల్ పేరు, గదిలో తీసిన ఒక ఫోన్ ఫోటో వివరాలు ఇక్కడ పెడితే ఏ లెన్స్ సరిపోతుందో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.